శిబిరం ముగిసిన మరునాడు

1866 నాటి కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డిగారు సొంత ధాన్యం వెచ్చించి వేలాది మందికి గంజి పోయించారు. కోయిలకుంట్ల ప్రాంతంలో దానమంటే నేటికీ ఆయన పేరే ముందు వినిపిస్తుంది. ఆకలికి అటువంటి దాతృత్వం చాలు. జీవితాంతం వెంట ఉండే రక్తపోటుకు, మధుమేహానికి చాలదు.

మన స్వచ్ఛంద సంస్థలు చాలావరకు ఉచిత వైద్య శిబిరం దగ్గరే ఆగిపోతున్నాయి. షామియానా, బ్యానరు, పది రోజుల మాత్రలు, పత్రికలో ఫొటో. పదకొండవ రోజున మాత్రలు ఎవరిస్తారు? ఎంతమంది వచ్చారో రాసుకుంటారు గానీ, ఆరు నెలల తరువాత ఎంతమందికి రక్తపోటు అదుపులో ఉందో రాసుకునేవారు అరుదు. నా దృష్టిలో సంస్థకు ఉండవలసిన మొదటి పుస్తకం అదే. జమాఖర్చుల పుస్తకం దాని తరువాతే.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో ప్రారంభించిన ఆర్.డి.టి., 2009లో ఆయన మరణించాక కూడా నిలిచింది. క్రమం తప్పక చిన్న మొత్తాలు పంపే వేలాది దాతలు, జీతం తీసుకుని పనిచేసే స్థానిక సిబ్బంది ఉండబట్టే అది సాధ్యమైంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా గ్రామీణ కేంద్రాలలో స్థానిక యువతకే శిక్షణనిచ్చి కంటి పరీక్షలు చేయిస్తోంది.

జీతమనగానే మన దాతలు ముఖం చిట్లిస్తారు. తమ డబ్బు రోగికే చేరాలంటారు. ఇంటింటికీ వెళ్లి మాత్ర వేసుకున్నారా అని అడిగే అమ్మాయికి జీతమివ్వకుంటే రోగికి చేరేదెలా? శిబిరాలను సగానికి తగ్గించి, మిగిలిన సొమ్ముతో ఒక కార్యకర్తను ఏడాదిపాటు నియమించమని కోయిలకుంట్ల మిత్రులకు నా సూచన. మొదట రెండు ఊళ్లు చాలు.