ఐ.పి. పెట్టే ముందు

"ఐ.పి. పెట్టాడు" అన్న మాట మన ఊళ్ళలో తిట్టుతో సమానం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు ఆంగ్లపదాల పొడి అక్షరాలు తెలుగు క్రియతో చేరి జాతీయమై కూర్చున్నాయి. అందులో ధ్వనించేది "తీర్చలేకపోయాడు" అని కాదు, "ఎగవేశాడు" అని. ఈ అర్థచ్ఛాయను మనవారు అమెరికాకు కూడా మూటగట్టుకొని పోయారు.

అక్కడ 2005 అక్టోబరు 17 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం, దివాలా అర్జీ వేయదలచిన వ్యక్తి అంతకు ముందు 180 రోజుల లోపల, ప్రభుత్వామోదం గల లాభాపేక్షలేని సంస్థ వద్ద ఋణసలహా పొంది, ఆ ధ్రువపత్రాన్ని న్యాయస్థానానికి సమర్పించాలి. మినహాయింపులు బహు కొద్ది. ఫోనులోనో అంతర్జాలంలోనో సాధారణంగా గంటన్నర లోపల ముగుస్తుంది. రుసుము ఇచ్చుకోలేడన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపరాదు.

ఇది ఉత్త తంతు అనేవారున్నారు. సలహాకు వచ్చేనాటికే చాలామంది పరిస్థితి చేయిదాటి ఉంటోందనీ, ఈ నిబంధన వల్ల ప్రయోజనమేమిటో స్పష్టంగా లేదనీ 2007లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమే తేల్చింది. నిజమే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లే ఉంది. అయినా తంతును తీసివేయమని నేననను. ముందుకు జరుపుకొమ్మంటాను. క్రెడిట్ కార్డు వాయిదా మొదటిసారి తప్పిన నెలలోనే సలహాదారు వద్దకు పోరాదని ఏ చట్టమూ అనలేదు.

మన దేశంలో ఆ తంతైనా లేదు. 2016 దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం వ్రాసిన భాగం, 2019 డిసెంబరు నుండి కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే వర్తిస్తోంది. తక్కినవారికి మన జిల్లాలలో 1920 నాటి చట్టమే దిక్కు. అయిదువందల రూపాయల అప్పుంటే అర్జీ పెట్టుకోవచ్చునన్న ఆ పాత చట్టంలో సలహా ఊసే లేదు.

అమెరికాలోని మనవారికి సలహా మరింత అవసరమనడానికి కారణం మన మర్యాదలే. ఉద్యోగం పోయినవాడు మొదట ఏం చేస్తాడు? తోడబుట్టినవాడి చేబదులు తీర్చి మాట దక్కించుకుంటాడు. నగలు అక్క ఇంట్లో దాస్తాడు. పదవీ విరమణకని 401(కె)లో దాచినది ఊడ్చి కార్డులకు కడతాడు. గుంటూరులోని స్థలం సంగతి ఎత్తడు. మనకివి పెద్దమనిషి లక్షణాలు. అక్కడి చట్టానికి మొదటిది పక్షపాతం. అర్జీకి ముందు ఏడాదిలోపల దగ్గరి బంధువుకు చెల్లించిన అప్పును ట్రస్టీ తిరిగి రాబట్టవచ్చు. అన్యులకైతే ఆ గడువు 90 రోజులే. అప్పులవారిని తప్పించే ఉద్దేశంతో నగలు చేతులు మార్చినా, స్థలం దాచినా ఋణవిముక్తే దక్కకపోవచ్చు. ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా ప్రమాణపూర్వకంగా చూపవలసిందే. ఇక 401(కె) సొమ్ము అప్పులవారు తాకలేనిది. దాన్ని తన చేత్తోనే పోగొట్టుకున్నాడు!

అయితే సలహా సంస్థ చూసేది జమాఖర్చులే. ఈ న్యాయపు చిక్కులు చెప్పవలసినవాడు వకీలు. పైసా కదల్చక ముందే ఇద్దరినీ కలవాలి. చేతిలో 60 రోజుల జీతపు చీటీలు, పన్ను పత్రం, అప్పుల పూర్తి జాబితా ఉండాలి.

ఆ జాబితా దగ్గరే మనవారికి చేయి ఆడదు. బ్యాంకుల పేర్లు చకచకా వ్రాసి, పెదనాన్నగారి చేబదులు దగ్గర కలం ఆపుతారు. వ్రాస్తే ఆయనకు న్యాయస్థానం నోటీసు పోతుంది, చుట్టాలలో తల ఎత్తుకోలేమని భయం. వ్రాయకపోతే అది ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం. ఆ నోటీసు చేరేలోగా పెదనాన్నగారికి మనమే ఫోను చేసి ఉన్నమాట చెప్పుకోవచ్చు కదా.