ఆకాశ సాక్షి

మన పెద్దలు మాట ఇచ్చేటప్పుడు సూర్యచంద్రులను సాక్షులుగా పిలిచేవారు. ఎవరూ చూడని చోట చేసిన పనికి కూడ ఆకాశం సాక్ష్యం ఉంటుందని వారి విశ్వాసం. ఆ విశ్వాసం బలహీనునికి ధైర్యమిచ్చేది. బలవంతునికి భయం కలిగించేది. నేడు ఆకాశంలో మానవుడు స్వయంగా నిలిపిన సాక్షులు తిరుగుతున్నవి. 1972 జులైలో అమెరికా పంపిన తొలి లాండ్‌శాట్ మొదలు, 1988 మార్చిలో మన దేశం తరఫున కక్ష్య చేరిన ఐ.ఆర్.ఎస్.-1ఎ మీదుగా, 2025 జులై 30న శ్రీహరికోటనుండి ఎగసిన నైసార్ వరకు ఈ సంతతి పెరుగుతూనే ఉన్నది. హిమానీనదం ఎంత వెనుకకు జరిగినదో, సరస్సు ఎంత ఎండినదో, సముద్రం ఎంత పెరిగినదో ఇవి చెప్పగలవు. ఈ సాధనను తక్కువ చేసి మాట్లాడుట నా ఉద్దేశం కాదు.

నేను అడుగుతున్నది ఒకటే ప్రశ్న: ఈ సాక్షి ఎవరి యెదుట నిలిచి, ఎవరికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుతున్నది? పూర్వపు సాక్షి చేసిన పనిని ఈ కొత్త సాక్షి మన దేశంలో తలక్రిందులు చేస్తున్నదని నా ఆరోపణ. బలహీనుడు దీనికి భయపడుతున్నాడు. బలవంతుడు దీని నోరు మూయగలుగుతున్నాడు.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలె. యంత్రం చూచినంత మాత్రాన మనిషి చూచినట్లు కాదు. దక్షిణ ధ్రువం మీది ఓజోను పొర కథ ఇందుకు తార్కాణం. 1978లో కక్ష్య చేరిన నింబస్-7 ఉపగ్రహం ఆ పొరను కొలుస్తూనే ఉన్నది. కాని 180 యూనిట్లకు తగ్గిన కొలతలు సంభవం కావని ముందే తలచి, వాటిని సందేహాస్పదాలుగా వేరుచేసే ఏర్పాటు గణకయంత్రంలో ఉండినది. 1985లో ఆ లోటును లోకానికి చాటినవారు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు. వారికి ఆధారం హాలీ బే అనే మంచు స్థావరంలో నేలమీద నిలిపిన పాతకాలపు డాబ్సన్ పరికరం. ఆ పిమ్మట ఉపగ్రహపు కొలతలను తిరగవేసి చూడగా, ఆ లోటు ఖండమంతటా పరచుకొని ఉన్నదని తేలినది. నేల అడిగినది; ఆకాశం బదులు చెప్పినది. రెండేండ్లకే, 1987లో, మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. సాక్షి ఒంటరిగా చెప్పినది ఏదీ లేదు.

రెండవ భ్రమ, చిత్రం అబద్ధమాడదనేది. ఆడదు, నిజమే. కాని చిత్రానికి పేరు పెట్టేది మనిషి. 2023 సంవత్సరపు భారత అటవీస్థితి నివేదిక దేశ వైశాల్యంలో 21.76 శాతం అడవి పరచుకొని ఉన్నదని చెప్పినది. 1 హెక్టారుకు తక్కువ కాక, అందులో 10 శాతం చెట్ల నీడ ఉంటే చాలు, ఆ నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా, ఆ లెక్కలోకి వస్తుంది. మామిడితోట వస్తుంది, కొబ్బరితోట వస్తుంది. నివేదిక ఈ నిర్వచనాన్ని దాచలేదు. కాని పత్రికలోని పెద్ద అక్షరాలలో నిర్వచనం ఇమడదు. ఒకచోట పాత అరణ్యాన్ని నరికి మరొకచోట తోట పెంచితే అంకె సరిపోతుంది. ఆ అరణ్యాన్ని నమ్ముకొన్న గిరిజనునికి మాత్రం ఏ అంకే సరిపోదు.

ఇక పంజాబుకు రండి. నా ఆరోపణకు ఆయువుపట్టు అక్కడ ఉన్నది. 2002లో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు కక్ష్య చేరినవి. ఇవి ఛాయాచిత్రాలు తీసినవి కావు. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతూ, తమ నడిమి దూరంలో కలిగే అతి సూక్ష్మమైన మార్పును కొలిచినవి. క్రింద నేల బరువు ఎక్కువైన చోట వాటిని లాగే బలమూ ఎక్కువ. ఆ లాగుడుకు నడిమి దూరం మారుతుంది. భూగర్భజలం తరిగితే నేల బరువు తరుగుతుంది; ఆ తరుగుదలను ఈ జంట పసికట్టినది. 2009లో వెలువడిన పరిశోధన ప్రకారం, 2002 ఆగస్టునుండి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీల నేల క్రింద 109 ఘన కిలోమీటర్ల నీరు తరిగిపోయినది. ఆ ఏండ్లలో వాన పెద్దగా లోపించలేదు. ఆ నీటిని కరువు త్రాగలేదు, బోరుబావులు త్రాగినవి.

బోరు వేసిన రైతు దోషియా? దేశపు ఆకలి తీర్చవలసినదిగా 1960ల చివరినుండి వానిని కోరినది మనమే. గోధుమ నేలలో వరిని నిలిపినవి మద్దతు ధర, ప్రభుత్వపు కొనుగోలు, ఉచిత విద్యుత్తు. నీటి తరుగుదలను ఆపుటకు పంజాబు 2009లో ఒక చట్టం చేసినది: జూన్ 10కి ముందు వరినాట్లు వేయరాదు. మండుటెండలో ఆవిరైపోయే నీటిని కాపాడుట మంచి ఆలోచనే. కాని నాటు వెనుకకు జరిగితే కోత కూడ వెనుకకు జరిగినది. వరికోతకూ గోధుమ విత్తుకూ నడుమ రెండు మూడు వారాలే మిగిలినవి. కోతయంత్రం విడిచిన మోళ్లను తీయించాలంటే ఖర్చు ఎక్కువ. అగ్గిపుల్ల ఖర్చు తక్కువ. పొలాలు మండినవి. గాలి మందగించే రోజులలో ఆ పొగ ఢిల్లీ దాకా సాగినది.

అప్పుడు ఆకాశ సాక్షి మాట అందరికీ వినబడినది. నీరు తరుగుతున్నదని చెప్పిన సాక్ష్యానికి ధర నిర్ణయించినవారు బోనెక్కలేదు, పంట నిర్ణయించినవారు బోనెక్కలేదు. నిప్పు కనబడినదని చెప్పిన సాక్ష్యానికి రైతు బోనెక్కినాడు. ఉపగ్రహం చూపిన నిప్పుచుక్కను పట్టుకొని అధికారి పొలానికి వస్తున్నాడు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జరిమానాను రెట్టింపు చేసినది. 2 ఎకరాలకు లోబడిన రైతు కూడ 5,000 రూపాయలు చెల్లించవలె. రైతు ఏమి నేర్చుకొన్నాడు? నిప్పులను లెక్కించే ముఖ్యమైన ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఆ నేల మీదుగా దాటుతాయి. 2024లో, ఎల్లవేళలా ఒకే దిక్కున నిలిచి చూచే కొరియా ఉపగ్రహపు చిత్రాలను ఆధారం చేసుకొని, ఆ వేళ దాటిన పిమ్మట మంటలు రేగుతున్నవని పరిశోధకులు ఎత్తిచూపినారు. లెక్కలో తగ్గిన మంటలన్నీ పొలంలోనూ తగ్గినవని ఇక ఎట్లు నమ్మగలము? శిక్షించుటకే చూచే కంటికి కనబడకుండ మెలగుట ఎవడైనా నేర్చుకొంటాడు. నిఘాగా మారిన పరిశీలన న్యాయాన్నే కాదు, కొలతను కూడ చెడగొట్టుతుంది.

బలవంతుల పనులు విచారణకు వచ్చినప్పుడు ఇదే సాక్షి ఎట్లు మూగబోయినదో జోషీమఠ్ చెప్పగలదు. ఆ ఊరు పూర్వం విరిగిపడిన కొండచరియల శిథిలాల మీద నిలిచినదని, భారీ నిర్మాణాలు తగవని 1976లోనే మిశ్రా సంఘం హెచ్చరించినది. అయినను అంతస్తులు లేచినవి, రోడ్లు వెడల్పైనవి, జలవిద్యుత్తు కొరకు ఆ కొండలలో సొరంగం తొలిచినారు. 2023 జనవరి నాటికి వందల ఇండ్ల గోడలు బీటలు వారినవి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, 2022 డిసెంబరు 27నుండి జనవరి 8 వరకు, 12 దినాలలో, నేల 5.4 సెంటీమీటర్లు క్రుంగినదని వెల్లడించినది. జనవరి 13న జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, ఈ విషయమై పత్రికలతో మాట్లాడరాదని శాస్త్రసంస్థలకు లేఖ వ్రాసినది. నివేదిక ప్రజలు చూడగల చోటినుండి మాయమైనది. తన పడకగదిలోని బీటను రాత్రింబవళ్లు చూస్తున్న గృహస్థు, నేల ఎంత క్రుంగినదో తెలిస్తే కలవరపడతాడట!

ఈ కలవరపు వాదానికి ఒడిశా తీరం ఎప్పుడో సమాధానం చెప్పినది. 1999 అక్టోబరు మహాతుఫానులో సుమారు 10,000 మంది మరణించినారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు మృతులు పదులలోనే ఉండిరి. దాదాపు 10 లక్షల మందిని ముందుగానే తరలించినారు. అంచనాలు మెరుగైన మాట నిజం. కాని 1999లోను ఉపగ్రహం ఆ తుఫానును చూచినది. నడుమ వచ్చిన గొప్ప మార్పు కన్నులో కంటె మాటలో ఉన్నది: చూచిన సంగతి పల్లెపల్లెకూ, ఆ పల్లె భాషలో, పారిపోవుటకు వ్యవధి ఉండగా చేరినది, తలదాచుకొనుటకు కట్టిన చోటు కూడ ఉన్నది. తెలిసిన ప్రజలు తొక్కిసలాడలేదు; లేచి నడిచినారు.

కనుక మనం కోరవలసినది మరొక ఉపగ్రహాన్ని కాదు. మేఘాలను, చీకటిని దాటి 12 దినాలకొకమారు నేల కదలికను కొలిచే నైసార్ ఉండనే ఉన్నది. కోరవలసినది న్యాయం. ఒక ఊరిని గురించి ఆకాశం చెప్పినది ఆ ఊరి గ్రామసభకు, వారి భాషలో, అధికారికి తెలిసిననాడే తెలియవలె. ఆ సాక్ష్యాన్ని ప్రశ్నించే హక్కు అక్కడి రైతుకు, పశువుల కాపరికి, బెస్తవానికి ఉండవలె. హాలీ బేలోని పాత పరికరం వలె వారి అనుభవమూ కొలతే. పొలంలోని నిప్పుచుక్కను చూచే కన్ను గనిని, సొరంగాన్ని, పొగగొట్టాన్ని కూడ అదే శ్రద్ధతో చూడవలె. చూచినదానిని అదే వేగంతో చెప్పవలె. ఇది జరుగరాని పని కాదు. 2008లో అమెరికా తన లాండ్‌శాట్ చిత్రభాండారాన్ని లోకమంతటికీ ఉచితంగా తెరచినది. ఆ దేశానికి దానివలన ఏ ప్రళయమూ రాలేదు.

సూర్యచంద్రుల సాక్ష్యాన్ని ఎవరూ తాళం వేసి దాచలేకపోయినారు. ప్రజల ధనంతో ఎగసిన ఈ సాక్షికి మాత్రం తాళం ఉన్నది. ఆ తాళపుచెవి ప్రజల చేతికి రానంత కాలం, తలపైకెత్తి చూచే పేదవానికి ఆ కదిలే చుక్క సాక్షి కాదు, కాపలావాడు.