కవరు విప్పి చదవాలి

“ఎక్స్‌ఎమ్‌ఎల్ నేర్చుకుని ఏం చేస్తావురా? అదెప్పుడో పోయింది. జేసన్, రెస్ట్ వస్తే చాలు.” అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. సీనియర్లు జూనియర్లకు చెబుతారు. ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సులు అమ్మేవాళ్లు చెబుతారు. డాలస్ నుంచి ఫోన్ చేసే బావగారూ అదే చెబుతారు. పదిహేనేళ్లకు పైగా ఇంటిగ్రేషన్ పని చేసి బతుకుతున్నవాణ్ని. ఈ సలహా తప్పని, దీన్ని నమ్మి వస్తున్న పిల్లలు మొదటి పెద్ద ప్రాజెక్టులోనే ఇబ్బంది పడుతున్నారని కళ్లారా చూసి రాస్తున్నాను.

వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ సందేశాలను కవర్లో పెట్టి పంపే సోప్ బరువైనదే. 2000లో 1.1 నోట్‌గా వచ్చిన నాడు చిన్నదే గానీ, తర్వాత సెక్యూరిటీకి ఒకటి, అడ్రసింగ్‌కు ఒకటి, నమ్మకమైన డెలివరీకి ఒకటి అంటూ దాని నెత్తిన ప్రమాణాల మూటలు పెట్టుకుంటూ పోయారు. గూగుల్ తన సెర్చ్ సోప్ ఏపీఐకి 2006 చివర్లోనే కొత్త కీలు ఇవ్వడం మానేసింది. 2018లో వచ్చిన జావా 11 నుంచి సోప్ సర్వీసులు రాసే జాక్స్-డబ్ల్యూఎస్ జేడీకేలో లేదు, కావాలంటే విడిగా తెచ్చి పెట్టుకోవాలి. రేపు మొబైల్ యాప్ కోసం కొత్త సర్వీసు రాయమంటే నేనూ జేసనే వాడతాను.

మరి పోయింది ఎక్కడ? అదే టీ కొట్టు దగ్గర టీ తాగి, ఫోన్ తీసి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కడుతున్నారు కదా. వెనకాల బ్యాంకులకూ ఎన్‌పీసీఐకీ మధ్య నడిచే సందేశం ఎక్స్‌ఎమ్‌ఎల్. అడిగేది రెక్‌పే, తిరిగొచ్చేది రెస్ప్‌పే. యూపీఐ మొదలైంది 2016 ఏప్రిల్‌లో. అప్పటికే జేసన్ ఊరూరా తెలుసు. అయినా డబ్బు మాట వచ్చేసరికి డిజిటల్ సంతకం పెట్టిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌నే ఎంచుకున్నారు. ఆధార్ అథెంటికేషన్‌కు వెళ్లే అభ్యర్థన కూడా సంతకం చేసిన ఎక్స్‌ఎమ్‌ఎలే. రిజర్వు బ్యాంకు 2013 అక్టోబరులో కొత్త ఆర్‌టీజీఎస్ తెచ్చినప్పుడు ఐఎస్‌ఓ 20022 ఎక్స్‌ఎమ్‌ఎల్ సందేశాల మీద కట్టింది. దేశాల మధ్య చెల్లింపులకు స్విఫ్ట్ 2023 మార్చి నుంచి 2025 నవంబరు దాకా పాత పద్ధతినీ దీన్నీ పక్కపక్కన నడిపి, చివరికి చెల్లింపు ఆదేశాలను ఈ పద్ధతికే తెచ్చింది. ఇంత డబ్బు దేని మీద నడుస్తోందో దాన్ని పోయిందంటే ఎలా? పాతదవడమే నేరమైతే 1970ల నాటి ఎస్‌క్యూఎల్‌ను ఎవరూ ముట్టుకోకూడదు.

ఇవన్నీ సోప్ కాదు కదా అని అడుగుతారు. కాదు. యూపీఐ సందేశాలకు సోప్ కవరు ఉండదు. సోప్‌లో మొదటి ట్యాగు పేరే ఎన్వలప్, అంటే కవరు. కవరు మారుతుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. లోపలి ఉత్తరం ఎలా ఉండాలో చెప్పే స్కీమా, నేమ్‌స్పేస్, సంతకం అంతటా ఒకటే విద్య. సోప్‌తో ఈ విద్య నేర్చుకున్నవాడికి రెక్‌పే కొత్తగా ఉండదు.

వద్దనేవాళ్లను అని ఊరుకుంటే సగం మాటే అవుతుంది. నేర్పేవాళ్లు నేర్పుతున్న తీరూ ఈ అభిప్రాయానికి కారణమే. మిడిల్‌వేర్ క్లాసులో ఏం జరుగుతుందో చూడండి. జావా క్లాసు మీద రైట్ క్లిక్, వెబ్ సర్వీస్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. సర్వర్ లేస్తుంది. బ్రౌజర్‌లో అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి విజ్‌డల్ అని కొడితే తెర నిండా ట్యాగులు, ఆ సర్వీసు కాంట్రాక్ట్ అన్నమాట. “వచ్చిందా? వచ్చింది. మూసేయండి.” సోప్‌యూఐలో పచ్చ బాణం నొక్కుతారు, జవాబు వస్తుంది, చాప్టర్ అయిపోతుంది. ఆ విజ్‌డల్‌లో ఏముందో ఒక్కరూ చదవరు, చదవమని ఎవరూ అడగరు. ఎక్స్‌ఎమ్‌ఎల్ అక్కర్లేదనేవాళ్లదీ, టూల్ రాసిపెడుతుంది కాబట్టి చూడక్కర్లేదనేవాళ్లదీ ఒకటే ఆలోచన: తీగ మీద నడిచే సందేశం మనిషి చదవాల్సింది కాదని. ఇప్పుడు టూల్ స్థానంలో ఏఐ అంటున్నారు. ఎవరు రాసినా చదవాల్సింది మనమే.

చదవకపోతే ఏమవుతుందో నాకు ఒక బీమా ప్రాజెక్టు నేర్పింది. హైదరాబాద్‌లో మా సర్వీసు, విదేశంలో వాళ్ల పాలసీ సిస్టమ్. ఒకామె భర్త పోయాక క్లెయిమ్ పెట్టుకుంది. పుట్టినతేదీ సర్టిఫికెట్‌తో సరిపోలలేదని కాగితాలు తిరిగొచ్చాయి. ఒక్క రోజు తేడా. వెతికితే అలాంటివి ఇంకా బయటపడ్డాయి, అన్నీ ఒక్క రోజు వెనక్కి. మా డేటాబేస్‌లో తేదీ సరిగ్గానే ఉంది. స్క్రీన్ మీదా సరిగ్గానే ఉంది. టెస్టులన్నీ పాస్. మూడు రోజులు లాగ్‌లు తవ్వాం. ఆఖరికి మూడో రాత్రి, బయటికి వెళ్తున్న కవరును పట్టి, ప్రింట్ తీసి, బల్ల మీద పరిచి ట్యాగు ట్యాగూ చదివాను.

పుట్టినతేదీ ఉండాల్సిన చోట తేదీతో పాటు సమయం కూడా ఉంది. 1961 జూన్ 15, 00:00:00, ఆ పక్కన +05:30. మన అర్ధరాత్రి. అవతలి సిస్టమ్ దాన్ని యూటీసీలోకి మార్చుకుంటుంది. అయిదున్నర గంటలు తీసేస్తే జూన్ 14, 18:30. సమయం పారేసి తేదీ మాత్రం దాచుకుంటుంది. మా టెస్టులు రెండు వైపులా ఐఎస్‌టీలోనే నడిచేవి కాబట్టి ఎన్నడూ పట్టుబడలేదు.

ఆ జావా క్లాసు రాసింది నేనే. పుట్టినతేదీకి డేట్ అని పెట్టాను. జావాలోని ఆ పాత డేట్ పేరుకే తేదీ, నిజానికి అది ఒక క్షణం. టూల్ దాన్ని చూసి స్కీమాలో డేట్‌టైమ్ అని రాసింది. టూల్ తప్పేమీ లేదు, నేనిచ్చిందే రాసింది. నేను ఆ స్కీమా తెరిచి చదివుంటే ఒక్క చూపులో పట్టుకునేవాణ్ని. ఆమె రెండోసారి కాగితాలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

అందుకే కాంట్రాక్ట్ ఫస్ట్ అంటాను. ముందు స్కీమా చేత్తో రాయాలి, కోడ్ తర్వాత. చేత్తో రాసేటప్పుడు ప్రతి ట్యాగు దగ్గరా ఆగి తేల్చుకోవాల్సి వస్తుంది: ఇది తేదీయా, క్షణమా? ఖాళీగా రావచ్చా, అసలు రాకపోవచ్చా? డబ్బుకు దశాంశాలెన్ని? ఎక్స్‌ఎస్‌డీ స్కీమాలో డేట్ రకానికి కూడా టైమ్‌జోన్ తగిలించే వీలుంది, అందుకే నేను ప్యాటర్న్ పెట్టి దాన్నీ ఆపేస్తాను. ఇలాంటి చిన్న జాగ్రత్తలు ఏ విజార్డూ అడగదు.

సంతకం సంగతీ ఇంతే. ఒకసారి ఒక కుర్రాడు రెండు రోజులుగా సిగ్నేచర్ ఫెయిల్ అవుతోందని వచ్చాడు. కీ మార్చాడు, సర్టిఫికెట్ మార్చాడు, సర్వర్ రీస్టార్ట్ చేశాడు. చూస్తే, సంతకం పెట్టాక లాగ్‌లో చదవడానికి వీలుగా ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వరసలుగా సర్ది, ఆ సర్దినదాన్నే పంపుతున్నాడు. ట్యాగుల మధ్య ఖాళీ కూడా సంతకంలో లెక్కే. కానొనికలైజేషన్ అట్రిబ్యూట్ల వరసను సరిచేస్తుంది గానీ మనం చొప్పించిన ఖాళీలను తీసెయ్యదు. చురుకైన కుర్రాడే. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

జేసన్ పక్షం వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కాంట్రాక్ట్ అక్కర్లేదని బయల్దేరినవాళ్లే స్వాగర్ రాసుకున్నారు. 2015 చివర్లో అది లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరి ఓపెన్‌ఏపీఐ అయింది. ఫీల్డు పేరు, రకం, తప్పనిసరా కాదా అని అందులో రాసేదంతా విజ్‌డల్ 2001 నుంచీ అడుగుతున్నదే. విజ్‌డల్ చేత్తో రాసిన పిల్లలు ఓపెన్‌ఏపీఐని రెండు రోజుల్లో పట్టుకోవడం చూశాను. ఏదీ రాయనివాళ్లు ఆరు నెలలైనా టూల్ విసిరిన యామల్ ఫైలు తెరవరు.

నేర్పేవాళ్లకు నా విన్నపం ఒకటే. మొదటి వారం వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్ జోలికి పోకండి. నోట్‌ప్యాడ్‌లో స్కీమా రాయించండి, దానికి సరిపడే ఉత్తరం రాయించండి, కావాలని నేమ్‌స్పేస్‌లో ఒక అక్షరం తప్పు పెట్టించి ఏం జరుగుతుందో చూపించండి. కర్ల్‌తో పంపించి, తిరిగొచ్చిన ఫాల్ట్‌ను క్లాసులో పైకి చదివించండి. సర్వర్ ఆ తర్వాత. అప్పుడు సెక్యూరిటీ పాలసీ ఎందుకు పెడతారో, క్యూ ఎక్కడ కావాలో, ట్రాన్సాక్షన్ ఎక్కడ తెగుతుందో పిల్లలే అడుగుతారు.

ఆ రాత్రి తీసిన ప్రింట్‌ను పేర్లూ నంబర్లూ తేదీలూ మార్చి దాచుకున్నాను. టీమ్‌లోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదటిరోజు అది చేతికిచ్చి, ఇందులో తప్పెక్కడుందో చెప్పమంటాను. చాలామంది ట్యాగులన్నీ మూసి ఉన్నాయా అని వెతుకుతారు. మొన్న చేరిన కరీంనగర్ అమ్మాయి కాసేపు చదివి, పెన్సిల్‌తో ఒక లైను కింద గీత గీసింది.

“అన్నా, పుట్టినరోజుకు టైమెందుకుంది?”