పంచమి నుండి పున్నమి వరకు

విద్య యెఱిగియుండుట యొకటి. పదుగురి యెదుట నిలిచి దానిని నడిపించుట మఱియొకటి. ఈ రెంటి నడుమ నెంత దూరమున్నదో మాకు రెండేండ్ల క్రిందట దసరా దినములలో తెలియవచ్చినది. ఆశ్వయుజ శుద్ధ పంచమినాడు మా వీధిలో నొక యింటికి బొమ్మలకొలువు పేరంటమునకు పోయితిమి. అచ్చటి పెద్ద ముత్తైదువ, "అమ్మాయీ, నీకు భారతము కంఠస్థమట గదా, సావిత్రికథ చెప్పవమ్మా" అని యడిగిరి. మేము బాల్యమున తండ్రిగారి యొద్ద కావ్యములు చదివినవారమే. ఆ యుపాఖ్యానము మాకు క్రొత్తది కాదు. అయినను ఇరువదిమంది కన్నులు మా మీద నిలువగానే గొంతు తడియారినది. యముడు రెండవ వరమిచ్చునంతవఱకు వచ్చి, పై మాట తోచక, "తక్కినది మీ రెఱిగినదే గదా" అని కూర్చుంటిమి. ఎవరును నవ్వలేదు. పసుపుకుంకుమ లిచ్చి గౌరవముగనే పంపిరి. త్రోవలో మా పదేండ్ల కుమార్తె, "అమ్మా, సత్యవంతుడు బ్రతికెనా లేదా?" అని యడిగినది. ఆ ప్రశ్న మమ్ము రాత్రియంతయు నిద్రపోనీయలేదు.

ఇంకొక గ్రంథము చదివినచో లోపము తీరునని మొదట తోచినది. కాని కొఱవడినది చదువు కాదని త్వరలోనే గ్రహించితిమి. హరికథాపితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) మాకు స్మరణకు వచ్చిరి. వారు 1883లో విజయనగరమున మదరాసునుండి వచ్చిన యొక భాగవతారు కథాగానమును విని, తామే ధ్రువచరిత్రమును రచించుకొని కథకు లైరి. పిమ్మట 1919లో విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు తొలి యధ్యక్షులైరి. అట్టి ప్రతిభ మనకేది యందురా? ప్రతిభ మాట యటుండనిండు. వారి పద్ధతి మనకును సాధ్యమే. ఒక కథ నేర్పఱచుకొనుట, దానిని తానే కూర్చుకొనుట, జనుల యెదుట నిలిచి చెప్పుట. ఇంతే గదా!

మేమును మాకొక పని విధించుకొంటిమి: ఒక్కటే కథ, అరగంట కాలము, కార్తిక పున్నమి గడువు. నడుమ నున్నవి నలువది దినములు. గడువు లేని సాధన వంటయింటి పనులలో కలసిపోవునని గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదటి వారము గొంతెత్తనే లేదు. కథను మా మాటలలో వ్రాసి యేడు ఘట్టములుగ విడదీసితిమి. మామగారికి చూపు, వారికి రాజ్యము, తండ్రికి నూర్గురు కొడుకులు, తనకు నూర్గురు కొడుకులు, పిదప పతిప్రాణము: ఈ వరముల వరుసయే కథకు వెన్నెముక. పేరంటమునాడు మేము తప్పినది కూడ నీ వరుసనే.

రెండవ వారము శ్రుతికై కష్టపడితిమి. సంగీతము నేర్చిన పొరుగింటి పిన్నిగారు మా పాట విని, "ఇంత హెచ్చు శ్రుతి యెందులకమ్మా? పై పంచమము నందుకొనుచు క్రింది పంచమము వినబడునదే నీ శ్రుతి" అనిరి. శ్రుతిపెట్టె ముందు కూర్చుండి రెండు దినములు వెదకగా, అయిదవ శ్రుతిలో గొంతు నిలిచినది. సత్యవంతుడు నేలకొరగు చోట ముఖారిని, వరములు పొందిన పిదప మోహనను వారే సూచించిరి. స్వయంకృషి యనగా గురువును త్రోసివేయుట కాదు. ఏమి యడుగవలయునో తెలిసికొని గురువు నొద్దకు పోవుట.

మూడవ వారము చిడతలు పట్టి, లేచి నిలిచి చెప్పితిమి. కూర్చుండి చక్కగ వచ్చిన కథ నిలువగానే చెదరిపోయినది. ఆదితాళమున కెనిమిదే యక్షరములు. అవియు కాలు కదలినపుడు మఱపునకు వచ్చెడివి. కావున పిండి రుబ్బుచు, బట్టలు మడచుచు తాళమును లెక్కించుకొంటిమి.

నాలుగవ వారము చేతిఫోనులో మా కథను పట్టి వింటిమి. ఇంతకంటె నిర్దయుడగు గురువు లేడు! మా యముడు పొరుగింటితో పోట్లాడుచున్నట్లు వినబడెను. మావారు బడిపంతులు గదా, విని, "కునుకు తీయు పిల్లవానిని లేపుటకు నేను గొంతు పెంచను, తగ్గింతును" అనిరి. అప్పుడు తెలిసినది. యమునకు కోపము లేదు, తొందరయు లేదు. ఆ మాటలను మెల్లగ, క్రిందిస్థాయిలో పలుకగనే సావిత్రి ధైర్యము తనంతట తాను బయటపడెను.

మిగిలిన దినములలో శ్రోతలను కూర్చుకొంటిమి: మొదట కుమార్తె యొక్కతె, పిదప మువ్వురు, పిదప అయిదుగురు. ప్రతిసారియు ఒక్కటే ప్రశ్న యడిగితిమి: "ఎచ్చట మీ మనసు వేఱుచోటికి పోయినది?" బాగున్నదా యని యడిగినచో బాగున్నదనియే యందురు.

పున్నమినాటి రాత్రి తులసికోట యొద్ద దీపములు పెట్టి, పండ్రెండుగురు స్త్రీల యెదుట నిలిచితిమి. సోదరీమణులారా, దాచనేల? మూడవ వరము కడ మాట మరల జాఱినది! కాని యీమాఱు కూర్చుండలేదు. కథకులు సభచేత గోవిందనామము పలికించుట వినియున్నాము. దానిని ప్రతి ఘట్టము చివరను ముందే నిలుపుకొంటిమి. అందఱును "గోవిందా" యనునంతలో ఊపిరి కుదిరినది, మాట దొరకినది. సత్యవంతుడు బ్రతికెను.

తప్పు రాకుండుటకే సాధన యని మునుపు తలచియుంటిమి. తప్పిన చోటి నుండి మరల లేచుటకును సాధన వలయునని యిపుడు తెలిసినది.

గజ్జె కట్టి కథ చెప్పుట పురుషుల పనియే యను మాట యిక చెల్లదు. గోదావరితీరమందలి కపిలేశ్వరపురమున బాలికలకు హరికథ నేర్పిరి. సంస్కృతమున హరికథలు చెప్పు డి. ఉమామహేశ్వరిగారికి 2024లో పద్మశ్రీ లభించినది. మనమందఱము సభల కెక్కనక్కఱలేదు. పాటయో, పద్యపఠనమో, వీణపై నొక కృతియో, మీకు వచ్చినదానిలో నొక్క చిన్న భాగ మెన్నుకొని, ఒక తిథి నిర్ణయించి, వినువారిని ముందే పిలిచి యుంచుడు. పిలిచిన పిదప వెనుకకు పోలేరు. అదియే యిందలి రహస్యము.

మొన్న మా కుమార్తె పంచాంగము తిరుగవేయుచుండెను. ఏమని యడుగగా, "ధ్రువుని కథకు ఉగాది యెన్నాళ్లున్నదో చూచుచున్నానమ్మా" అనినది.