ముందు ల్యాప్‌టాప్‌లో కూలనివ్వండి!

ఇంట్లో అందరి ఫోన్లకీ ఒకటే సి-టైప్ చార్జర్ సరిపోతే ఎంత హాయి! సైన్యాలకూ ఇదే హాయి కావాలి. కాకపోతే అక్కడ గొడవ చార్జర్లతో కాదు, డ్రోన్లతో. ఏ కంపెనీ డ్రోన్ ఆ కంపెనీ కంట్రోలర్ మాటే వింటానంటే, పక్క దళం డ్రోన్‌కి కనిపించేది మన స్క్రీన్ మీదకు రాదు. ఎదురుగా వస్తున్నది మనవాళ్లో, శత్రువులో తేలకపోతే పోయేవి ప్రాణాలే.

అందుకే నాటో దేశాలు 'స్టానాగ్ 4586' అనే ప్రమాణం పెట్టుకున్నాయి. ఇందులో ఐదు మెట్లు. మొదటి మెట్టులో డ్రోన్ సమాచారం వేరేవాళ్ల ద్వారా మనకు అందుతుంది. రెండో మెట్టులో నేరుగా వచ్చేస్తుంది. మూడులో దాని కెమెరా మన చేతికొస్తుంది. నాలుగులో డ్రోన్‌నే నడపొచ్చు. ఐదులో ఎగరేయడం, దించడం కూడా మన పనే.

సరే, కనెక్ట్ అయింది. మాట అర్థం కావాలి కదా? '100 మీటర్ల ఎత్తుకు వెళ్లు' అన్నారనుకోండి. నేల నుంచా, సముద్రమట్టం నుంచా? హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. లెక్క తేడా వస్తే ఆ డ్రోన్ భూమిలోకి దూరాల్సిందే!

ఇలాంటివి ముందే పట్టుకోవడానికే సిమ్యులేషన్. డ్రోన్‌లోని అసలు సాఫ్ట్‌వేర్‌నే కంప్యూటర్‌లో నడుపుతారు. గాలి, జీపీఎస్ మాత్రం ఉత్తుత్తివి. మధ్యలో సిగ్నల్ తెంపేస్తారు, జీపీఎస్ ఆపేస్తారు. వందసార్లు కూలినా ఒక్క రెక్క విరగదు. ఆర్డూపైలట్, పీఎక్స్4 లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లతో మీరూ ల్యాప్‌టాప్‌లో ఫ్రీగా చేసి చూడొచ్చు.

మరి అక్కడ పాసైతే చాలా? 2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన సిమ్యులేటర్ పోటీలో, ఏఐ ఓ ఎఫ్-16 పైలట్‌ని 5-0తో ఓడించింది. అందరూ నోరెళ్లబెట్టారు. కానీ ప్రత్యర్థి ఎక్కడున్నాడో అందులో ఏఐకి కచ్చితంగా తెలుసు. నిజం ఆకాశంలో అలా ఎవరు చెబుతారు? తర్వాత ఎక్స్-62ఏ అనే అసలు విమానంలో ఏఐని పరీక్షించినప్పుడు, 21 టెస్ట్ ఫ్లైట్లలో లక్షకు పైగా లైన్ల సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది.

కాబట్టి ఈసారి 'సిమ్యులేషన్‌లో సూపర్ సక్సెస్' అనే హెడ్‌లైన్ కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి. సిగ్నల్ జామ్ చేసి చూశారా? వేరే కంపెనీ డ్రోన్‌తో మాట్లాడించారా? రెండింటికీ జవాబు లేదంటే, అది ఇంకా గేమ్ స్కోరే.