హక్కుభుక్తములు

తెలుగు దస్తావేజులలోని ‘హక్కుభుక్తములు’ అను జంటను చూచి, ఒక్కమాట చాలదా అని మనలో పలువురు నవ్వుకొనుట కద్దు. ‘హక్కు’ అరబ్బీ నుండి వచ్చినది, ‘భుక్తము’ సంస్కృతము. ఇంగ్లీషువారి ‘విల్ అండ్ టెస్టమెంట్’ వలెనే ఇదియు రెండు భాషల జోడు. అయినను ఇది పునరుక్తి కాదని మా అభిప్రాయము. హక్కు కాగితముపైది, భుక్తము అనుభవములోనిది.

గ్రేటర్ నోయిడాలో బిల్డర్లు ప్రాధికార సంస్థకు బకాయిపడగా, వేలాది కుటుంబములు సొమ్ము చెల్లించి ఫ్లాట్లలో కాపురముండియు, ఏండ్ల తరబడి రిజిస్ట్రేషనుకు నోచుకొనలేదు. భుక్తము కలదు, హక్కు లేదు! అమితాబ్ కాంత్ కమిటీ సిఫారసులపై 2023 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయము తీసుకొనిన పిదప కొందరికి దారి దొరకినది. అక్కడ ఇల్లు కొనదలచిన సహోద్యోగులు ఈ రెండింటిని గూర్చియు విడివిడిగా విచారించుకొనవలెనని మా మనవి.

ఇక ‘పుత్రపౌత్ర పారంపర్యముగా, ఆచంద్రార్కముగా’ అను మాటలందురా, అవి అక్కడ చెల్లవు. ప్రాధికార సంస్థ నివాస స్థలములనిచ్చునది 90 ఏండ్ల లీజుకే.