పుర్రె మీది గీతలు ఎవరి రాతా కాదు

వల్లకాట్లో గుంత తవ్వుతుంటే బయటపడిన పాత పుర్రెను చూపించి, "ఇదిగో, బ్రహ్మ రాసిన రాత" అనే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. నెత్తి మీద వంకరటింకరగా పోయే ఆ గీతలు నిజంగానే లిపిలా కనిపిస్తాయి. నమ్మకం అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు. కానీ బిడ్డ దక్కకపోయినా, కాపురం చెడినా, పంట పోయినా కారణం వెతకనివ్వకుండా నోరు మూయించేది ఈ తలరాతే. అందుకే ఆ గీతలేమిటో తెలుసుకోవాలి.

అవి ఎముకల అతుకులు. పుర్రెలో 22 ఎముకలుంటాయి. వాటిలో మెదడును కప్పేవి 8. పుట్టేనాటికి వీటి మధ్య సందులుంటాయి కాబట్టే కాన్పులో తల కాస్త నొక్కుకుని బయటికి రాగలుగుతుంది. మనం ఆముదం పెట్టే మాడు కూడా అలాంటి సందే. మెదడు పెరుగుతుంటే ఎముకలు ఈ అంచుల దగ్గరే పెరుగుతాయి. తర్వాత అంచులు రంపపు పళ్లలా ఒకదానిలోకి ఒకటి దిగి బిగుసుకుంటాయి. ఆ పళ్ల వరుసనే మనవాళ్లు రాత అన్నారు. మేక తలకాయను శుభ్రం చేసేవాళ్లకు ఆ గీతలు దాని నెత్తి మీదా కనిపిస్తాయి. మేక జాతకం మాత్రం అందులో ఎవరూ వెతకరు.

ఈ అతుకులు అందరికీ ఒకేలా ఉండవు. నుదుటి ఎముక పుట్టుకతో రెండు చెక్కలు. మామూలుగా రెండేళ్లలోపే అవి కలిసిపోతాయి. కొద్దిమందిలో మాత్రం ముక్కు మొదలు నుంచి పైకి పోయే ఆ నిలువు అతుకు జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని మెటోపిక్ సూచర్ అంటారు. అది జబ్బు కాదు, అదృష్టరేఖ అంతకన్నా కాదు. కానీ కొట్లాటలో దెబ్బ తిన్న మనిషికి తీసిన ఎక్స్‌రేలో దాన్ని చూసి ఎముక చిట్లిందని పొరబడే వీలుంది. చిట్లిన గీత సూటిగా, పదునుగా, నల్లగా ఉంటుంది. అతుకు మెలికలు తిరిగి ఉంటుంది, దాని అంచులు గట్టిపడి తెల్లగా కనిపిస్తాయి. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్రగాయంగా లెక్కిస్తుంది. శరీరాల్లో ఉండే సహజమైన తేడాలు తెలియని డాక్టరు రాసిన ఒక్క మాటతో ఎదుటివాడి మీద పెద్ద కేసు పడుతుంది.

పుర్రెలో లేనిది చదివింది చదువురానివాళ్లే అనుకోకూడదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పును 100తో హెచ్చించి, పొడవుతో భాగించి, ఆ అంకె తగ్గేకొద్దీ కులం హోదా పెరుగుతుందని వాదించాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ మన కులాలవాళ్ల తలలూ ముక్కులూ కొలిచాడు. దక్షిణాది కులాల మీద ఆయన వేసిన ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. కొలిచే పరికరం చూపిన అంకెతో నాకు పేచీ లేదు. ఆ అంకె నుంచి మనిషి విలువకు ఎగబాకడంతోనే నా పేచీ. సైన్సు పేరు పెట్టుకున్నా అది తలరాతే: పుట్టుకతో నీ స్థానం ఇంత అని చెప్పడం.

కొలత స్వయంగా నిలబడలేకపోయిన సందర్భం కూడా ఉంది. తల పొడవు, వెడల్పు వగైరా కొలిచి నేరస్తుణ్ణి గుర్తుపట్టే బెర్టిలాన్ పద్ధతిని ఇక్కడి పోలీసులు కొన్నాళ్లు వాడారు. ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు లెక్కలు వచ్చేవి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టి, ఆ కొలతలకు స్వస్తి చెప్పారు.

మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే సంగతి ఇంకా గొప్పది. 1920ల చివర ఆమె బెర్లిన్‌లో యూజెన్ ఫిషర్ దగ్గర పరిశోధన చేసింది. యూరోపియన్ల పుర్రె ఎడమా కుడీ సమంగా ఉండదనీ, వాళ్ల తర్కబుద్ధికి అదే గుర్తనీ గురువు నమ్మకం. ఆమె ఎన్నో పుర్రెలను ఓపికగా కొలిచి, ఆ హెచ్చుతగ్గులకూ జాతికీ సంబంధం లేదని తేల్చింది. పరాయి దేశంలో, పట్టా ఇవ్వాల్సిన గురువు ముందు, పాతికేళ్లు కూడా నిండని మన అమ్మాయి ఆ మాట చెప్పింది. తర్వాత మహారాష్ట్రలో తనే మనుషుల కొలతలు తీసుకుంది. కొలవడం తప్పని ఆమె ఎప్పుడూ అనలేదు, కొలత చెప్పని మాటను దాని నోట పెట్టలేదు, అంతే.

ఫోరెన్సిక్ వైద్యంలోనూ ఆ నిగ్రహమే కావాలి. అతుకులు మూసుకున్న తీరును బట్టి వయసు చెప్పమంటే, ఒకే వయసువాళ్లలో కూడా తేడాలు చాలా ఎక్కువ కాబట్టి బాధ్యత తెలిసిన డాక్టరు దాని ఒక్కదాని మీదే ఆధారపడడు. ఆడా మగా తేల్చడానికి పుర్రె కంటే కటి ఎముక నమ్మకమైనది.

పుర్రె మీద నిజంగా చదవాల్సింది పసిబిడ్డల దగ్గర ఉంది. కొందరికి ఒక అతుకు మరీ ముందే మూసుకుపోతుంది. అప్పుడు తల ఒక దిక్కుకే పెరిగి పడవలా సాగిపోవచ్చు, నుదురు ఒకవైపు అణగవచ్చు. నీళ్లు పోసేటప్పుడు నొక్కితే గుండ్రంగా వస్తుందని అమ్మమ్మలు నెలల తరబడి నూనెతో ఒత్తుతారు. ఒకే వైపు పడుకోబెట్టడం వల్ల చదునైన తల చాలావరకు తనంతట సర్దుకుంటుంది. ముందే మూసుకున్న అతుకు మాత్రం ఏ మర్దనకూ తెరుచుకోదు. అవసరమైతే ఆపరేషన్ సాధారణంగా మొదటి ఏడాదిలోనే చేస్తారు. కాబట్టి టీకాలకు తీసుకెళ్లినప్పుడల్లా కనుబొమల పై నుంచి తల వెనక ఎత్తు దాకా టేపు చుట్టి కొలవమని అడగండి, ఆ సెంటీమీటర్లు కార్డు మీద రాయించండి. తల ఆకారం తేడాగా అనిపిస్తే పిల్లల డాక్టరుకు ఆ నెలలోనే చూపించండి.